అందరూ నలభై అన్నారు

అశోక్‌నగర్‌లో జిరాక్సు దుకాణాల వరుస దాటుతుంటే, యంత్రంలోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల వేడి వాసన తగులుతుంది. ఆ వీధిలో తిరిగేవాళ్ళకు అది పోటీ పరీక్షల వాసన. నాకు మాత్రం నరహరి సార్ గుర్తొస్తారు. ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేవారాయన, అక్కడేదో దాచామన్నట్టు.

సార్ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. తోటివారు సిద్ధాంతాలు నిరూపించి పేరు తెచ్చుకుంటే, ఈయన ఉద్యోగ జీవితమంతా సర్వేల్లో దొర్లే తప్పుల వెంట పడ్డారు. ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టేవాడికి మిత్రులెక్కడ మిగులుతారు? ఆయన దగ్గర పరిశోధనకు చేరినప్పుడు, పులి నోట్లో తల పెట్టావన్నారు సీనియర్లు. ఏ సర్వే చూసినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "బస్తీకి పోయిండ్రా, హాస్టల్ల కూసొని నింపిండ్రా?" సాయంత్రాలు నారాయణగూడ హాస్టల్లో ఆ గొంతు అనుకరించి శ్రీలతను నవ్వించేదాన్ని. శ్రీలత నా గదిలోనే ఉండే పాలమూరు అమ్మాయి, గ్రూప్స్‌కు చదువుతుండేది.

2012లో ముషీరాబాద్ బస్తీల్లో ఉంటున్న పాలమూరు కూలీల వలస మీద సర్వే చేశాను. తమ యాస వింటే మనసు విప్పుతారని సగం ఇళ్ళు శ్రీలతకే అప్పగించాను. సిద్ధాంత గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడింది. చిక్కడపల్లిలో సార్ ఇంటికి కాగితాలు తీసుకెళ్తే, ఆయన వయసుల పట్టిక ఒక్కటే చూసి, అందులో కొన్ని ఇళ్ళ మీద వేలు పెట్టారు.

"వయసు అడిగితే మనోళ్ళు ఏమంటరమ్మా?"

"నలభై అంటరు, యాభై అంటరు సార్. ఉజ్జాయింపుగ."

"మరి వీళ్ళకు ముప్పై తొమ్మిది, నలభై మూడు ఎట్ల యాదికున్నయి? దీని మీద నేను సంతకం పెట్టను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా అంశాన్ని ఇంకెవరికో కట్టబెట్టాలని చూస్తున్నారేమో అనుకున్నాను. విద్యార్థులను ఏళ్ళ తరబడి వదలడని డిపార్ట్‌మెంట్లో చెప్పుకునే మాటలన్నీ నిజమనిపించాయి. హాస్టల్‌కు నడుస్తుంటే ఆ అనుమానం శ్రీలత మీదికి మళ్ళింది. ఆయన వేలు పెట్టి చూపించిన ఇళ్ళన్నీ ఆమె తిరిగినవే. అనుమానం పెనుభూతమంటారు కదా, పక్కన కూర్చుని అన్నం తింటూనే ఆమె ముఖం గమనించేదాన్ని. ఆమె మామూలుగా పుస్తకం మూసినా ఏదో దాస్తున్నట్టే కనిపించేది. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఒట్టు అక్కా, ప్రతి ఇంటికి పోయిన," అంది శ్రీలత. "కానీ ఎవరిని అడిగినా నలభై, నలభై అనే అంటున్నరు. గట్లనే రాస్తే, మీ సార్ హాస్టల్ల కూసొని రాసిననంటడని జర అటిటు మార్చిన. నీకు మాట రావొద్దని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఇంకొకరిని పెట్టుకుని ఆ ఇళ్ళు మళ్ళీ తిరుగుతానన్నాను.

"ఎవరికి భయపడ్డదామె?" అన్నారు సార్.

"మీకే సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఆ తప్పు ఆమెతోని రాయించింది నేనే," అన్నారు. "ఆమెనే తోల్కపో. ఆమె భయమేందో మనకు తెలిసింది. కొత్తామె దేనికి భయపడ్తదో తెల్వది. నేను గూడ వస్త."

బస్తీలో ముత్తెమ్మ అనే మేస్త్రీ కూలీ ముందు, సార్ ఇటుకల మీద కూర్చుని, నీ వయసెంతని అడిగారు. ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నలభై అని ఈ బిడ్డకు మొన్ననే చెప్పిన గద. మీకు ఈమె మీద నమ్మకం లేదా?"

శ్రీలత తల దించుకుంది. "నలభై అనే రాయమ్మా," అన్నారు సార్, మెల్లగా.

గడువులోపే సంతకం పెట్టారు. ఇప్పుడు నమ్మకం కుదిరిందా అని అడిగితే, "నమ్మకమెందుకమ్మా, పోయి చూసినం గద," అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. నేనూ స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతున్నాను, ఆయన అనుమానం నాకూ అంటుకుంది. అంకెలు మరీ నున్నగా కనిపిస్తే మనసు ఊరుకోదు. అయినా అబద్ధమా అని అడగను. రాసేటప్పుడు ఎవరికి భయపడ్డావని అడుగుతాను. చాలామంది నేలచూపులు చూస్తారు. మొన్న ఒకమ్మాయి మాత్రం తలెత్తి, "మీకే మేడమ్," అంది. చెప్పులేసుకుని ఆమె వెంట బస్తీకి బయలుదేరాను.