విరాళాల ఫైల్లో దొరికిన ఉత్తరాలు

2014లో అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద నాకు డీటీపీ షాపు ఉండేది. డీటీపీ అంటే ఎవరికి కావలసిన కాగితం వాళ్లకు కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీసి ఇవ్వడం. ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా ప్రింటర్లోంచి వచ్చే వేడి కాగితం వాసన గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. నా ఇంగ్లీషు మర్యాదగా ఉంటుందని అందరూ అనేవారు. నాకూ అది కొంచెం తలకెక్కింది.

బల్కంపేట ఎస్తేరమ్మ ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని బట్టలు కుట్టేది. సోమాజిగూడలో ఒక ఆసుపత్రికి పేషెంట్ల గౌన్లు కుట్టి ఇచ్చింది. నాలుగు నెలలైనా నలభై రెండు వేలు రాలేదు. వాయిదాలు ఆగిపోయాయని, నెలాఖరుకల్లా కట్టకపోతే అప్పు మీద కొన్న కరెంటు కుట్టుమిషన్ తీసుకుపోతామని ఫైనాన్స్ వాళ్లు చెప్పేశారు. ఆసుపత్రికి ఉత్తరం రాయించుకోవడానికి నా షాపుకొచ్చింది.

"జర మంచిగ రాయన్న. పెద్దోళ్లకు కోపమొస్తే మల్ల ఆర్డర్ ఇయ్యరు," అంది.

ఇంకేం, నేను రెచ్చిపోయాను. 'హంబుల్ రిక్వెస్ట్', 'కైండ్లీ హెల్ప్', 'పూర్ ఫ్యామిలీ' అన్నీ దట్టించాను. జవాబు లేదు. రెండో ఉత్తరంలో ఇంకో రెండు గరిటెల మర్యాద పోశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా ఎస్తేరమ్మ వచ్చి, "రాసింది నువ్వే గద, నువ్వే వచ్చి అడుగు," అంది. షట్టర్ దించి, ఆమెతో పంజాగుట్ట మీదుగా ఆటోలో వెళ్లాను.

ఆసుపత్రిలో అకౌంట్స్ క్లర్కు బిల్లుల ఫైలంతా తిరగేశాడు. మా ఉత్తరాలు లేవు. చివరికి విరాళాల ఫైల్లో దొరికాయి. ఒక పక్క చర్చి పైకప్పుకు సాయం అడిగిన కాగితం, ఇంకో పక్క అన్నదానం కాగితం. మా వాటి మీద ఎర్ర ఇంకుతో 'వచ్చే ఏడాది చూద్దాం' అని రాసి ఉంది.

"సాయం చెయ్యమనే ఉంది గదన్నా ఇండ్ల. పని చేసినట్టు యాడుంది, బిల్లు నంబరు యాడుంది?" అన్నాడతను.

నాకు తల కొట్టేసినట్టయింది. నా మర్యాద ఆమె కష్టాన్ని కాస్తా ముష్టి చేసేసింది. అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని గౌన్లు ఫలానా రోజు మీకు అందాయి, బిల్లు నంబరు ఇది, మొత్తం నలభై రెండు వేలు, 'పేమెంట్ ఓవర్‌డ్యూ', అంటే ఇవ్వాల్సిన గడువు దాటింది, మూడు రోజుల్లో చెల్లించండి.

చదివి వినిపిస్తే ఎస్తేరమ్మ భయపడింది. "గింత కటువుగనా? ప్లీజ్ లేదా అన్న?"

"చివర ఒక ప్లీజ్ ఉందమ్మా. అది చాలు."

మూడో రోజు చెక్కు వచ్చింది. మిషన్ ఆమెకు దక్కింది. చేసిన పనికి డబ్బు అడిగేటప్పుడు లెక్క చెప్పి అడగాలని, ఇంగ్లీషైనా తెలుగైనా అదే మర్యాద అని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత షాపు మూసేదాకా అలాంటి ఉత్తరాల్లో 'హెల్ప్' అన్న మాట కొట్టలేదు.

ఎస్తేరమ్మ కేకు ముక్కతో షాపుకొచ్చింది. సిగ్గుతో ఉత్తరాల డబ్బులు వద్దన్నాను. ఆమె అరవై రూపాయలు కీబోర్డు మీద పెట్టింది.

"మూడు లెటర్లవి, తీస్కో అన్న. గిది సాయం గాదు, డ్యూ."