బ్యాంకు ఉరికిన సంత రోజు

మొన్న బ్యాంకులో నా వంతు కోసం గోడకు ఆనుకుని నిలబడితే, బెంచీ మీదున్న ఒక కోడలుపిల్ల లేచి, "ఉరుకుడు తాతా, ఇట్ల కూసో" అంది. ఉరుకుడంటే పరుగు కాబట్టి, పక్కనే ఉన్న, బడికి కొత్తగా వచ్చిన మాస్టారు నా కాళ్ల వంక గౌరవంగా చూశాడు. ఆయన అడగకముందే చెప్పాను: వయసులో ఉండగా పామేడు అడవిలో ఎలుగుబంటి తరిమితే చర్ల దాకా ఆగకుండా పరిగెత్తానని, చివరికి ఎలుగుబంటే ఆయాసపడి కూలబడిందని. ఆయన నమ్మాడు. నమ్మేవాళ్లను చూస్తే నాకు జాలి కాబట్టి ఇక్కడ నిజం చెప్పేస్తున్నాను. ఎలుగుబంటి లేదు. నేను ఏనాడూ బస్సు కోసం కూడా పరిగెత్తలేదు. ఉరికింది బ్యాంకు. ఉరికించింది నేను.

దీనికంతటికీ మూలం మా అక్క కూతురు. అది ఆర్థికశాస్త్రవేత్త. బ్యాంకులు ఎందుకు కూలతాయి, ఒక్క పుకారుకే జనమంతా డబ్బు కోసం ఎందుకు ఎగబడతారు (ఇంగ్లీషులో దాన్ని బ్యాంకు 'రన్' అంటారట, మా మాటల్లో బ్యాంకు ఉరుకుడు), కూలకుండా మిగిలిన బ్యాంకును నిలబెట్టింది ఏమిటి, ఇదే దాని జీవితకాలపు పరిశోధన. అందుకోసం దేశదేశాలు తిరిగింది. మా వైపు వాగు పొంగి ఊరు మునిగితే వెళ్లి చూసినవాళ్లున్నారు గానీ, బ్యాంకు మునిగితే చూడటానికి విమానమెక్కింది అదొక్కతే. ఆ శాస్త్రానికి విత్తు వేసింది నేనేనని సంతలో చాలామందికి చెప్పాను. జరిగింది ఇంత: దాని చిన్నప్పుడు ఒక చిట్టీల దుకాణం మూతపడింది. అక్క ఏడుస్తుంటే ఈ పిల్ల నా చొక్కా పట్టుకుని, "మామా, అందరు ఒక్కనాడే పోకుంటే వాడు అందరికి ఇస్తుండెనా?" అని అడిగింది. నేను లోతుగా ఆలోచించి జవాబిచ్చానని చెప్పుకుంటాను. నిజానికి, "పోయి పల్లీలు తిను" అన్నాను. పల్లీలు తినేసింది గానీ ప్రశ్నను మాత్రం ఇన్నేళ్లుగా నములుతూనే ఉంది.

మా సంత ఊరికి బ్యాంకు వచ్చిన ఏడాదే మా మేనకోడలూ వచ్చింది. అంతకుముందు పింఛను తెచ్చుకోవాలంటే ముసలివాళ్లు తెల్లారుతూనే బయలుదేరి, వాగు దాటి, ఎవరి అరుగు మీదో పడుకుని మర్నాడు తిరిగొచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి బ్యాంకే లేని చోట కొత్త బ్యాంకు మీద నమ్మకం ఎలా మొలుస్తుందో చూడాలని దాని ఆశ. అడవి లోపలి ఊళ్లలోని దోర్లవాళ్లతో మాట్లాడటానికి వాళ్ల భాష దోర్లీ వచ్చినవాళ్లు కావాలంది. చదువుల కోసం చిన్నప్పుడే వెళ్లిపోయి, అది దోర్లీ మరిచింది. "నేనుండంగ ఇంకొకడేంది బిడ్డా! నాకు ఐదు భాషలు" అన్నాను. ఆ ఐదింట్లోనూ కోడిని బేరమాడగలను, కల్లు పులిసిందో లేదో కనుక్కోగలను. అంతవరకే ఐదు.

సంతనాడు చింతపండు అమ్మే ఒక ముసలామె ముందు కూర్చున్నాం. మేనకోడలు అడగమన్న ప్రశ్న ఇది: "ఒకవేళ, రేపు బ్యాంకు మూసేస్తరని ఎవరన్నా చెప్తే నువ్వేం జేస్తవు?" నాకు దోర్లీలో బ్యాంకు వచ్చు, రేపు వచ్చు, మూత వచ్చు. 'ఒకవేళ' రాదు. రాని మాటను దాటేసి మిగతాది గట్టిగా చెప్పాను. ముసలామె నా ముఖం చూసింది, చింతపండు గోనెసంచిలోకి తోసింది, లేచింది. "జవాబు చెప్పకుంటనే పోతుంది జూడు" అన్నాను. చెబుతూనే పోయింది, నాకు కాదు. దారిలో కోళ్లవాళ్లకూ, ఉప్పు అమ్మేవాళ్లకూ.

మేము టీ తాగి లేచేసరికి సంత ఖాళీ. జనమంతా బ్యాంకు ముందు. లోపల కుర్ర మేనేజరు చెమటలు తుడుచుకుంటున్నాడు. పెట్టెలో ఉన్నది అందరికీ చాలదు. ఏ బ్యాంకులోనైనా అంతేనట, అందరూ ఒక్కసారి రారనే ధైర్యం మీదే నడుస్తుందట. "మేడమ్, షట్టర్ బంద్ కర్ దేతా హూఁ" అని షట్టరు దించబోయాడు. తోపులాట జరిగితే పైవాళ్లు బ్రాంచినే ఎత్తేస్తారని అతని భయం. ఎత్తేస్తే ముసలివాళ్లకు మళ్లీ వాగే, మళ్లీ ఎవరి అరుగో. మేనకోడలు అతని చేయి పట్టుకుని ఆపింది. షట్టరు దించితే పుకారు నిజమైపోతుందని, రెండో తలుపు కూడా తెరిచి, బల్ల బయట వేసి, ఇచ్చేది అందరికీ కనపడేలా ఇమ్మని హిందీలో చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మామా, ఆమెకు ఏం చెప్పినవ్?"

చెప్పాను.

"మరి 'ఒకవేళ' ఏడబోయింది?"

"అది నాకు రాదు బిడ్డా."

వరసలో మా వియ్యపురాలు కూడా ఉంది. నా కొడుకు అత్తగారు, దోర్ల మనిషి. పక్కకు పిలిచి జరిగింది చెబితే పడీ పడీ నవ్వింది. "అన్నా, నీ దోర్లీకి కోళ్లు గూడ నవ్వుతయి. మనుషులతోని ఏంది నీకు?" అని, మెట్టెక్కి నా పాండిత్యాన్ని చేతులు తిప్పుతూ అందరికీ వినిపించింది. జనం నవ్వారు. నవ్వారు గానీ వరస కదల్లేదు. చింతపండు ముసలామె బల్ల దగ్గరికొచ్చి ఏదో అంది. "అబద్ధమైతే నా పైసలు నాకు సూపెట్టు అంటుంది" అని వియ్యపురాలు మాట అందించింది. మేనేజరు ఇచ్చాడు. ఆమె నోట్లను వాసన చూసింది, కొంగున ముడేసింది, కాసేపు నిలబడి ముడి విప్పింది. "ఉన్నయి గద, ఇంట్ల ఎలుకలున్నయి, ఈడనే పెట్టు అంటుంది." వెనకామె కూడా చూసి మళ్లీ పెట్టించింది. ఆమె వెనకాయన చూడనేలేదు. చింతపండు ధర అడుగుతూ ముసలామె వెంట సంతకు పోయాడు.

వరస కరిగిపోయాక మేనకోడలు మెట్ల మీద కూలబడింది. "ఇన్నేండ్లు ఉరుకుడు గురించే రాసుకుంట వచ్చిన మామా. మర్లుడు ఇయ్యాలనే జూసిన" అంది. అప్పటినుంచి దాని పని దారి మారింది. జనం ఎందుకు పారిపోతారని కాదు, ఏం చూసి తిరిగొస్తారని అడుగుతోంది. ఆ దారి మళ్లించింది నేనేనని మొన్న మాస్టారికి చెప్పాను. అది నిజం, అందుకే కాబోలు, ఆయన నమ్మలేదు.

ఆ సాయంత్రమే వియ్యపురాలి దగ్గర కూర్చుని దోర్లీలో 'ఒకవేళ' నేర్చుకున్నాను. ఈ వయసులో దానితో నీకేం పని అని ఆమె ఎగతాళి చేసింది. పని ఉంది. రేపు మీద ఇంకా ఆశ ఉన్నవాళ్లకే కదా ఆ మాట అక్కరకొచ్చేది.