లేని ద్రోహి

నారిస్ వ్రాగ్ నలభై ఏళ్లు నాటింగ్‌హామ్‌లో బస్సు నడిపాడు. భార్య పోయాక అతను నలుగురిలోకి వచ్చేది గురువారం సాయంత్రాలే, చర్చి హాలు పైగదిలో మా ఆటకి. ఎవరికి వాళ్లం రంగులు వేసుకున్న బొటనవేలంత సైనికుల బొమ్మలు, పాచికలు, ట్రెవర్, పాలీన్‌లతో కలిపి తలలు నెరిసిన మేం ఏడుగురం. నవ్వేవాళ్లను నవ్వనీ.

మాది బూడిదముసుగుల దళం. ఎప్పుడో రాబోయే కాలంలో నక్షత్రాల మధ్య తిరిగే యోధులు. ఒకప్పుడు తమవాళ్లలో సగంమంది ద్రోహం చేశారన్న సంగతి లోకానికి తెలియకుండా దాచి, ఆ ద్రోహుల్ని వేటాడటమే బతుకుగా పెట్టుకున్నవాళ్లు. ఏటా చలికాలం మొదట్లో, ఆట నడిపేవాణ్ణి కనక, నేను అందరికీ మూసిన కవర్లు పంచుతాను. ఒకదాంట్లో ఎర్ర చీటీ ఉంటుంది. అది అందినవాడే ఆ ఏటి ద్రోహి; అతనెవరో మిగతావాళ్లు కనిపెట్టాలి. పట్టుబడితే అతని సేనాపతి బొమ్మను స్పిరిట్ సీసాలో ముంచి రంగంతా కడిగేస్తాం.

ఆ ఏడాది ఆట మొదలైన మూడోవారంలో ఎర్ర చీటీ నా పుస్తకంలోనే దొరికింది. కవర్లో పెట్టడం మరిచాను. అప్పుడే చెప్పేస్తే నవ్వుకుని మళ్లీ పంచుకునేవాళ్లం. కానీ ఆట అంత రంజుగా ఎన్నడూ సాగలేదు. అన్నీ తెలిసినవాణ్ణని అందరూ నా మొహంకేసి చూస్తుంటే నాకు బాగుంది. నోరు కుట్టేసుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పనో!

అనుమానం నారిస్ మీదికి తిరిగింది. మాట్లాడనివాణ్ణి నమ్మకూడదని ట్రెవర్ వాదన. టీ తాగేటప్పుడు అతని పక్కన కూర్చోవడం కూడా మానేశారు. ఫిబ్రవరిలో ఓరోజు ట్రెవర్ బల్ల చరిచి, "ఏం డ్రైవరు గారూ, ఒప్పుకుంటారా, ఇంకో స్టాపు దాకా లాగుతారా?" అన్నాడు.

నారిస్ అందరి మొహాలూ ఓసారి చూశాడు. "నేనేరా. ముంచండి."

సీసా మూత తీసింది నేనే. నారిస్ భూతద్దం పెట్టుకుని పదకొండు నెలలు వేసిన రంగు, ఆ ముసుగు మడతల్లోని తొమ్మిది రకాల బూడిదరంగు, మురికినీళ్లలా కరిగిపోయింది. ఎర్ర చీటీ నా జేబులోనే ఉంది. ఆపొచ్చు. ఆపలేదు.

ఆ తర్వాత మూడు గురువారాలు నారిస్ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద రంగులేని సేనాపతి, పక్కన కుంచె. టీ ఇచ్చి కూర్చోమన్నాడు.

"గోర్డన్, ఆట అయిపోయిందిగా, ఇప్పుడైనా చెప్పు. చీటీ పాలీన్‌కే కదూ వచ్చింది?" అన్నాడు. "ఆవిడ చేతులు ఎలా వణుకుతున్నాయో చూశావుగా. తన బొమ్మ కడిగేస్తే మళ్లీ రంగు వేసుకోలేదు. నాకైతే ఇంకా చేతులు నిలుస్తాయి."

చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "ఎవరికీ రాలేదు నారిస్. నేను పెట్టడం మరిచాను. ముంచిన రోజు కూడా నా జేబులోనే ఉంది."

చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"అయితే నేను కాపాడింది ఎవర్నిరా?"

"నన్నే."

నారిస్ చీటీ నా వైపు నెట్టాడు.

"గురువారం వాళ్లందరికీ చెప్పు. నేనూ వస్తాను. అందరూ లేచి దూరం జరిగినా నీ పక్కన నేను కూర్చుంటాను."