మంగళం లేని నాటకం

మా చిన్నప్పుడు... నాటకంలో చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ లేచి నిలబడి కనిపించేదాకా మా ఊళ్ళో ఒక్కరు కూడా చాప చుట్టేవాళ్ళు కాదు.

నవ్వకండి, నిజం! సూళ్లూరుపేట దగ్గర సముద్రం ఒడ్డున మాది చిన్న ఊరు. ఎండాకాలం వేట ఆపే రోజులు రాగానే పడవలన్నీ ఇసుక మీదికి చేరేవి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉండేవాళ్ళు. పాటల నాటకాలు ఆ రోజుల్లోనే వేయించేవాళ్ళు. ఏడిపిస్తేనే మావాళ్ళకది నాటకం. నవ్వించేది వేస్తే "ఏందయ్యా ఇది, దీనికా పిలిచింది?" అని కసురుకునేవాళ్ళు.

ఎండ దిగకముందే అమ్మ నా చంకలో చాప పెట్టి పంపేది... ముందు వరసలో పరిచి, దాని మీద కూర్చుని కాపలా కాయమని. అందుకు లంచం ఒక బొరుగుల పొట్లం.

చివరి పాట వచ్చేసరికి ఆడవాళ్ళ కొంగులన్నీ తడిసిపోయేవి. మీసాలు మెలేసుకుని తిరిగే మా చిన్నాన్న "బీడీ పొగ కంట్లోకి పోయింది" అంటూ తుడుచుకునేవాడు. చేతిలో బీడీ ఉండేది కాదు!

ఆ తర్వాత మంగళం. వేషాలు కట్టినవాళ్ళంతా వరసగా నిలబడి, చేతులు జోడించి పాడాలి. చచ్చినవాడు కూడా లేచొచ్చి పాడాలి. వాణ్ణి చూసి "ఆఁ, బాగానే ఉండాడు" అనుకున్నాకే మేం ఇళ్ళకు కదిలేవాళ్ళం.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాటకం వేయించడానికి పేట నుంచి కొత్త మాస్టారు తన జట్టుతో వచ్చారు. కొత్త కథ కూడా తెచ్చారు. గాలివానలో పడవ మునిగి కొడుకు చనిపోతాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాణ్ణి తల్లి ఒళ్ళో పెట్టుకుని పాడుతుంది. అదే చివరి పాట. కొడుకు వేషం శీనయ్య అనే అతనిది... పేటలో బట్టలు కుట్టేవాడు.

ఇదీ కథ అని తెలిస్తే మా పెద్దమ్మ మస్తానమ్మని అమ్మ నాటకానికి పిలుచుకొచ్చేదే కాదు.

అమ్మకి సొంత అక్క ఆమె. అంతకు ముందు సంవత్సరం వేటకు పోయిన ఆమె కొడుకు పోలయ్యన్న తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పెద్దమ్మ కంట ఒక్క చుక్క రాలేదు. దినం కూడా పెట్టనివ్వలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ముక్కు చీదితే చాలు, "వాడొస్తాడు, నా ఇంట్లో ఏడవబాకండి" అని గద్దించేది. అన్నం ఎవరైనా బతిమాలి పెడితే తినేది, లేకపోతే లేదు. ఆ ఏడుపు లోపలే పెట్టుకుని ఈ మనిషి ఏమైపోతుందో అని అమ్మ రోజూ భయపడేది.

తల్లి వేషం కట్టినామె చివరి పాట ఎత్తుకుంది... అబ్బా, ఏం గొంతు! చుట్టూ అందరూ వెక్కుతున్నారు. పెద్దమ్మ మాత్రం ముందుకు వంగి, శీనయ్య పొట్ట వైపే చూస్తోంది... ఊపిరితో కదులుతోందా లేదా అని.

పాట అయింది. హార్మోనియం ఆగింది. తెర పడింది. అంతే! మంగళం లేదు.

ఎవరూ లేవలేదు. "మంగళం పాడండయ్యా!" అని వెనక నుంచి చిన్నాన్న అరిచాడు. మాస్టారు తెర ముందుకొచ్చారు. "ఇది విషాద నాటకం. చచ్చినవాడు లేచొచ్చి దండం పెడితే మీరేడ్చిన ఏడుపుకి విలువేముంది? ఈ బరువు గుండెల్లో పెట్టుకునే ఇళ్ళకి పోవాలి" అన్నారు. ఇప్పుడాలోచిస్తే ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దమ్మ లేచి స్టేజీ దగ్గరికెళ్ళింది.

"ఆ బిడ్డని లేపు సామీ... లేచినట్టు కళ్ళతో చూసి పోతాం."

మాస్టారు ఏదో చెప్పబోయారు. "లేపు సామీ" అంది మళ్ళీ. గొంతు పెంచలేదు. వెనకాల ఊరంతా అలాగే కూర్చుని ఉంది.

ఈలోగా శీనయ్యే తెర తొలగించుకుని వచ్చేశాడు. మొహాన సగం రంగు, భుజాన తువ్వాలు. గబగబా దిగి ఆమె ముందు నిలబడి, "లేచినానమ్మా... నాకేం కాలేదు, చూడు" అన్నాడు.

పెద్దమ్మ అతని చెంపలు తడిమింది, భుజాలు తడిమింది. మిగిలిన రంగు తన కొంగుతో తుడిచింది.

"నువ్వు లేచినావు నాయనా... నా పోలయ్య ఇంక లేవడు."

అని ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. అమ్మ పరుగెత్తుకెళ్ళి పట్టుకుని, "ఏడువు అక్కా... ఏడువు" అంటూ తనూ ఏడ్చేసింది. శీనయ్య పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు వెళ్ళి హార్మోనియం ముందు కూర్చుని తనే మంగళం ఎత్తుకున్నారు. ఊరంతా అందుకుని పాడింది.

ఆ పూట పెద్దమ్మ తనంతట తాను అన్నం అడిగి తిన్నది. ఈ మాట అమ్మ ఎన్నేళ్ళు చెప్పుకుందో!

మొన్న మా అమ్మాయి చెన్నైలో ఒక పాటల నాటకానికి తీసుకెళ్ళింది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. చివర్లో కథానాయిక చనిపోతుంటే చీకట్లో అన్ని వైపులా ముక్కులు చీదుతున్న చప్పుడు... మనుషులు మారలేదులే అని సంతోషమేసింది. లైట్లు వెలగ్గానే మాత్రం సగంమంది ఫోన్లు చూసుకుంటూ పార్కింగ్ వైపు పరుగు! "అమ్మా, పద, లిఫ్ట్ దగ్గర రష్ అవుతుంది" అని మా అమ్మాయి చెయ్యి లాగింది.

మా ఊళ్ళో ఇప్పుడు నాటకాలు లేవు. పెద్దమ్మా లేదు. మీ ఊళ్ళోనూ నాటకం చూసి ఏడ్చి, అక్కడే కూర్చుండిపోయినవాళ్ళు ఉంటే వాళ్ళ సంగతి చెప్పండి... నాకు వినాలని ఉంది.

ఇంతకీ ఆ రోజు హాల్లో నేను లేవలేదు. "ఉండమ్మా... స్టేజీ మీద ఆ పిల్ల లేవనీ" అన్నాను.