వాకిలి మూసిన సాలీడు

1959 జూన్ 16, మంగళవారం, ఉదయం ఏడు గంటలు. కదిరి దగ్గర మా బస్సు చెడిపోతే దిగి నడిచాను. పక్క చేలో రైతు ఓబులేసు వేరుశనగ విత్తనాల సంచి దించి, నేలలోని బొరియను చూస్తున్నాడు. దాని నోటికి పట్టులాంటి గూడు అడ్డంగా అల్లి ఉంది.

"ఏముందయ్యా అందులో?" అన్నాను.

"సాలీడన్నా. వాకిలి మూసిందంటే వానొస్తాది. ఈ పొద్దే విత్తుతా."

"నీ మొగం! అది కుబుసం విడుస్తాండాది" అంది అతని భార్య లక్ష్మీదేవి. "ఉండేది ఒక్క సంచి. విత్తినాక వాన రాక ఎండిపోతే ఏం తింటాం?"

ఆమె పుల్లతో గూడు తొలగించింది. పాత గోధుమరంగు తోలు పక్కన, అరచేయంత సాలీడు నీలికాళ్లతో మెరుస్తోంది. మా గుంటూరులో అంత రంగు పురుగును నేనెన్నడూ చూడలేదు.

"ఒళ్లింకా మెత్తగుంటాది, మూసెయ్" అందామె. ఓబులేసు మట్టి కప్పి, సంచి మూతి కట్టేశాడు.

ఆ రోజు ఆ బొరియ దగ్గరున్నది ఓబులేసు, లక్ష్మీదేవి, నేను, ఆ సాలీడు. వాన లేదు.