నాలుక చూపించమన్న నర్సమ్మ

పోయిన మంగళవారం నరసరావుపేట నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, నర్సమ్మ పోయిందని చెప్పింది. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఎనభై దాటిన మనిషి, సుఖమైన చావే అన్నారు అందరూ. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ చేతికి రాలేదు. ఆవిడ గురించి రాయాలంటే నేనొక సంగతి ఒప్పుకోవాలి. అది మా పిల్లలకు కూడా ఇప్పుడే తెలుస్తుంది.

ఎనభైల మధ్యలో మాట. శావల్యాపురంలో మా అత్తగారింట్లో, రెండో కాన్పు తర్వాత నేను మంచం పట్టాను. జ్వరం లేదు, నొప్పి లేదు. నా పిల్ల ఏడుస్తుంటే ఎవరింట్లోనో ఏడుస్తున్నట్టు వినేదాన్ని. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి మా ఆయన నరసరావుపేటలో మనసు జబ్బుల డాక్టరుకు చూపించారు. ఆ డాక్టరు బిళ్లలు రాసి, గుణం కనిపించడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని, ఈలోగా నన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పాడు.

నర్సమ్మ ఆ డాక్టరు ఆస్పత్రిలోనే నర్సుగా పనిచేసేది. కొత్తగా బిళ్లలు మొదలుపెట్టిన వాళ్ల ఇళ్లకు, డ్యూటీ దిగాక బస్సెక్కి వెళ్లి చూసి రావడం ఆవిడ అలవాటు. ఎవరూ చెయ్యమన్న పని కాదు. మా ఇంటికి రెండు రోజులకోసారి వచ్చేది. కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుని, బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారో చెప్పేది. చెబుతున్నంతసేపూ కళ్లు నా చేతుల మీదే ఉండేవి. లేచే ముందు, "ఏదీ, నాలుక" అనేది. ఆ బిళ్లలకు నోరు పిడచగట్టుకుపోయేది. వేడి చేసిందని, మందు మానిపించమని మా అత్తగారు గొడవ. "ఎండనీ అత్తా, నీళ్లు తాగించు. నోరెండితేనే నాకు ధైర్యం" అనేది నర్సమ్మ. ఎందుకో మాకెవరికీ తట్టలేదు.

ఇంకో మాట కూడా అనేది: "ఏడ్చేవాళ్లను చూస్తే నాకు భయం లేదు. ఉన్నట్టుండి నవ్వేవాళ్లను చూస్తేనే కాళ్లాడవు."

మూడో వారంలో ఒక రోజు నేను పొద్దున్నే లేచి తలంటుకున్నాను. పెద్దదానికి జడ వేశాను. నా పెళ్లి పట్టుచీర తీసి ఆడబిడ్డ చేతిలో పెట్టి, నీకే బాగుంటుందన్నాను. ఇంట్లో అందరి మొహాలూ విప్పారాయి. మా అత్తగారు సున్నుండలు చేసి వీధంతా పంచారు. నాకూ ఒళ్లు తేలిగ్గా ఉంది. చెయ్యదలుచుకున్నదేదో తేల్చేసుకున్న మనిషికి ఉండే తేలిక అది. మూడు రోజులుగా నేను బిళ్లలు మింగినట్టు నటించి, దాచి పెడుతున్నాను.

ఆ సాయంత్రం నర్సమ్మ వచ్చేసరికి మా అత్తగారు పళ్లెంతో ఎదురెళ్లి, కోడలు లేచి తిరుగుతోందని, ముందు నోరు తీపి చేసుకోమని చెప్పారు. నర్సమ్మ ఒక ఉండ తీసుకుంది గానీ తినలేదు. నా వైపు చూసింది. నేను నవ్వాను. నాలుక చూపించమంది. చూపించాను.

నా నాలుక తడిగా ఉంది.

పిల్లల్ని పక్కింటికి తీసుకెళ్లమని మా అత్తగారిని పంపేసి, నా ఎదురుగా కూర్చుంది. "ఎక్కడ పెట్టావో నేను వెతకను అమ్మాయ్. నువ్వే తెచ్చియ్యి."

ఏంటని అడిగాను.

ఆవిడ చేతిలో సున్నుండ నలిగి, వేళ్లకు నెయ్యి అంటుకుంది. "గురజాల కాడ ఒక పిల్ల ఉండేది. వాళ్లమ్మ ఇట్టాగే మిఠాయి తెచ్చింది, నా కూతురు నవ్వతందని. నేను తిన్నా. చానా బాగుందన్నా. తెల్లారేసరికి ఆ పిల్ల లేదు."

ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టలేదు. అలాగే కూర్చుంది. ఎంతసేపటికో నేను లేచి, చంటిదాని పౌడరు డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్లో పడేశాను. నిజం చెప్పాలి, అప్పుడు నాకు కృతజ్ఞత లేదు. ఒళ్లంతా మంట. నాకు మిగిలిన ఒకే ఒక్క దారి ఈవిడ లాక్కుందనే కోపం. ఆ కోపం పోవడానికి నెలలు పట్టింది. ఆవిడ వల్లే బతికానని ఆవిడతో చెప్పడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చెబితే, సరేలే, అన్నం తిన్నావా అంది.

ఆ సాయంత్రం, డబ్బా ఇంకా ఆవిడ ఒళ్లో ఉండగానే, రోడ్డు మీద నరసరావుపేట ఆఖరి బస్సు హారన్ కొట్టింది. మా ఆయన పరుగున వచ్చి, బస్సు మీకోసమే ఆపాడు, రండి అన్నారు.

"పొమ్మను నాయనా" అంది నర్సమ్మ.

డబ్బా కొంగులో మూటగట్టుకుని, నా గది గుమ్మంలో కూర్చుంది. వీపు ద్వారబంధానికి ఒక వైపు ఆనించి, కాళ్లు రెండో వైపుకి బారచాపింది. ఆ గదికి ఇంకో తలుపు లేదు. పెద్దవాళ్ల కాళ్లు దాటకూడదని పెంచారు మమ్మల్ని. నేను లోపల నిలబడి ఆ కాళ్ల వైపే చూస్తున్నాను. మడమలు పగిలి ఉన్నాయి, రోడ్డు దుమ్ము ఇంకా వదల్లేదు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఆవిడ కాళ్లు ముడుచుకోలేదు.