చేంతాడుకు మూడు ముడులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లంటే ఆడవాళ్ల పని. మగవాళ్లకు తాగడమే తెలుసు, చేదడం తెలియదు.

మాది మెట్‌పల్లి దగ్గర చిన్న ఊరు. నిజాం రాజ్యం పోయి అప్పటికి కొన్నేండ్లే. ఊరి కుంటకు గండి పడితే మూడేండ్లు ఎవరూ పూడ్చలేదు. నీళ్లు నిలవని ఆ కుంటలోనే మా బాపు జొన్న వేసేవాడు. మాకున్న సాగు అదొక్కటే. నాలుగో ఏడు ఎండాకాలంలో ఊరంతా కలిసి గండి పూడ్చింది. బాపు కూడా మట్టి తట్టలు మోశాడు. తీరా ఆషాఢంలో చినుకులే తప్ప పెద్ద వాన లేకపోయేసరికి ఆశపడి మళ్లీ కుంటలోనే జొన్న చల్లాడు. ఏం మనిషో!

శ్రావణం నుంచి ముసురు పట్టింది. ఎక్కడి నుంచి వచ్చాయో, బుడుబుంగ పిట్టలు వచ్చి మునకలేశాయి. తుంగలో నీటికోడి గూడు కట్టింది. నాకు సంబరం, బాపుకు గుండెకోత. కంకులు పాలు పోసుకునేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. ఇంకో పది రోజులు ఆగితే గింజ గట్టిపడుతుంది. ఆ పది రోజులే లేవు.

ఒక పొద్దున బాపు పార భుజాన వేసుకొని కట్ట వైపు నడిచాడు. నాకు అర్థమైంది. కట్ట తెంపితే ఊరు ఆయన్ను బతకనిస్తుందా? వానలో ఉరికిపోయి మా బాపమ్మను, అంటే బాపును కన్నతల్లిని, పిలుచుకొచ్చాను.

మేం చేరేసరికే నాలుగు పారల మట్టి తీసేశాడు.

"అవ్వా, అడ్డం రాకు. పంట మునుగుతుంటే సూసుకుంట కూసోవాల్నా? పిల్లలకు ఏం పెడ్తవు?"

పార మళ్లీ లేచింది. నాకు ఏడుపు ఆగలేదు.

బాపమ్మ వద్దనలేదు. "కొట్టు కొడుకా, నేనేమంటలే. ఉరికొచ్చిన, దూప అయితుంది. జర ఒక బొక్కెన నీళ్లు చేదిపెట్టి కొట్టు" అని కట్ట కింది మంచినీళ్ల బావి చూపింది. ఇంత వానలో దూపేమిటని నాకే చిర్రెత్తింది. తల్లి దాహమంటే కాదనలేక బాపు విసవిసా దిగాడు.

బొక్కెన వదిలాడో లేదో బుడుంగుమంది. చేంతాడు చాలామటుకు ఆయన కాళ్ల దగ్గరే చుట్టగా మిగిలింది.

"గీ ముడులేందవ్వా?"

"ఏడాదికొకటి. కుంట ఎండినప్పటి సంది బావిల నీళ్లు కిందికి పోయినకొద్ది తాడుకు తాడు అతికినం. నీ బిడ్డ చేతులు ఎన్నడన్న సూసినవారా?"

బాపు నా చేతులు తిప్పి చూశాడు. అరచేతుల నిండా తాడు ఒరుసుకున్న కాయలు. వాటి మీద ఆయన బొటనవేలు ఆగిపోయింది. కట్టెక్కి, తీసిన మట్టినంతా మళ్లీ వేసి కాళ్లతో తొక్కాడు.

తర్వాత కొడవళ్లు తెచ్చుకొని ముగ్గురం నీళ్లలో దిగాం. చేతికందిన పాలకంకులు కోశాం, మిగతాది మునిగింది. నీటికోడి గూడున్న తుంగ వైపు మాత్రం బాపు నన్ను పోనివ్వలేదు. ఆ ఏడు ఎన్నో పూటలు పలచటి అంబలితోనే గడిపాం. ఆ ఆకలి తియ్యగా ఉందని నేను అబద్ధం చెప్పను. కానీ కంకులు కోసిన మర్నాటి నుంచి ఇంటికి మొదటి బొక్కెన బాపే చేదేవాడు. ఊరి మగవాళ్లు నవ్వినా మానలేదు.

ఎవరైనా "ఉత్త నీళ్లే కదా" అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నల్లా కింద చెయ్యి పెట్టినప్పుడల్లా అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంటాను. కాయలు ఎప్పుడో పోయాయి. బాపు వేలు ఆగిన చోటు మాత్రం ఇంకా తెలుస్తుంది.